గాలిలో బిగించిన నట్లు

"ఈ బండి అమ్మేది లేదు" అని నేను మొదటిసారి అన్నప్పుడు అన్నం ముందు కూర్చొని ఉన్నాను. రెండోసారి అన్నప్పుడు లేచి నిలబడ్డాను. మూడోసారి అనాల్సి రాకూడదని వంటింట్లోకి వెళ్లి నా కంచం నేనే కడుక్కున్నాను. మా ఇంట్లో నేను కంచం కడిగానంటే కోపం బాగా ముదిరిందని లెక్క.

ఎదురుగా కూర్చున్నది మా అమ్మాయి. బ్యాంకులో పని, మా పై అంతస్తులోనే కాపురం. రంగు, కళ్లు వాళ్లమ్మవి గానీ మొండితనం మాత్రం పూర్తిగా నాదే తీసుకుంది. చేతిలో ఫోను, ఫోనులో తెల్లటి చిన్న కారు బొమ్మ.

"బాపూ, జర ఆలోచించు. మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇగ దాంట్ల ఏమున్నది?"

"నేను ముప్పై మూడేండ్లు డిపోల పనిచేసిన. మరి నాల ఏమున్నది? నన్ను గూడ తుక్కుకేస్తవా?"

"ప్రతిదీ నీ మీదికి తెచ్చుకుంటవేంది?"

"ఎవని మీదికి తేవాలె మరి?"

వాళ్లమ్మ, అంటే నా భార్య, కుర్చీలో వీపు వెనక దిండు పెట్టుకొని ఈ లొల్లి తనది కానట్టు పెరుగన్నం తింటోంది. నిజానికి ఆ లొల్లి మొత్తం ఆమెదే. బండి ఉంటే ఆమె బయటికి వెళ్తుంది. లేకపోతే సైదాబాద్‌లో మా ఇంటి గేటే ఆమెకు ఊరి పొలిమేర.

మూడేళ్ల క్రితం ఆమెకు నడుము ఆపరేషన్ అయింది. వంగకూడదు. చిన్న కారు ఎక్కాలంటే మనిషి ముందు వంగాలి, తర్వాత కిందికి కూలబడాలి, దిగేటప్పుడు ఎవరైనా చేతులు పట్టి పైకి లాగాలి. ఆటో ఎక్కితే ఇల్లు చేరాక రెండు రోజులు మంచం మీదే. మా బండి ఎత్తైనది. దాని సీటు సరిగ్గా ఆమె నడుము ఎత్తున ఉంటుంది. వెనక్కి తిరిగి నిలబడి, సీటు మీద ఆని, కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు, ఎవరి చేయీ అక్కర్లేదు. ఎవరి చేయీ అక్కర్లేకుండా ఎక్కడం ఆమెకు ఎంత ముఖ్యమో చూసినవాణ్ని నేను. మొదటి రోజు అట్లా ఎక్కి కూర్చొని తలుపు తనే వేసుకున్నప్పుడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఎక్కడికి వెళ్తుంది అంటారా? ఆదివారం చర్చికి. అది అందరికీ తెలిసిందే. అసలు సంగతి గురువారం. మా ఆవిడ పెళ్లికూతుళ్ల తెల్ల చీరలకు లేసు కుడుతుంది. మా చర్చిలోనే కాదు, ఇంకో నాలుగు చర్చిల్లో పెళ్లి కుదిరితే ముందు మా ఇంటికే కబురు వస్తుంది. మిషన్ మీద కూర్చోవడం ఆపరేషన్‌తో పోయింది, చేతికుట్టు మిగిలింది. ఆ లేసు లాడ్ బజార్‌లో కొంటుంది. అక్కడి దాకా బండి పోదు కాబట్టి నేను ఇవతలే ఒక పక్కకు ఆపుతాను. తరతరాలుగా అదే దుకాణం నడుపుతున్న సేటు ఆమె ఫోన్ చేయగానే లేసు చుట్టలు సంచిలో వేసుకొని బండి కిటికీ దగ్గరికి వస్తాడు. ఈమె ఒక్కో చుట్టనూ విప్పి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలిపి చూసి, "ఇది ఒద్దు సేటూ, రెండు ఉతుకులకు మురికి రంగు పడ్తది" అంటుంది. ఫోనులో ఫోటో చూసి కొనవచ్చు కదా అని అమ్మాయి ఒకసారి అంది. "ఫోన్ల లేసు నలుగుతదా?" అని వాళ్లమ్మ అడిగింది. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఇప్పుడు నా సంగతి. నేను బస్సు డిపోలో ఫిట్టర్‌ని. రిటైరయ్యాను కాబట్టి "ఫిట్టర్‌గా ఉండేవాణ్ని" అనాలట, నేను అనను. ఎక్కడో డ్యాం పని దగ్గర ఇంజనీర్లు వాడి పడేసిన ఈ బండిని వేలంలో పట్టుకొచ్చింది నేను. నాలుగు చక్రాలకూ ఇంజను పట్టే రకం. అప్పటికే కొండలూ గుట్టలూ బాగా తిరిగింది. గల్లీలో వాళ్లు నవ్వారు. నేను దాని కింద పడుకొని ఒక వారం చూసి, "ఇంజను బంగారం" అన్నాను. ఇవాళ్టికీ అదే అంటాను.

బండికి పదిహేనేళ్లు నిండబోతున్నాయి. నిండితే ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్లి ఫిట్‌నెస్ చూపించాలి. వాళ్లు ముందు చక్రం పట్టి ఊపి చూస్తారు. ఊగిందా, కాగితం రాదు. కాగితం రాకపోతే బండి తుక్కు కిందికే. మాది ఊగుతోంది. అంతేకాదు, గుంతలో పడ్డప్పుడల్లా ముందు నుంచి టక్ మని కొడుతోంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే ఎడమ చక్రం దగ్గర కటకటమని ఇంకో చప్పుడు. ఇంకా నెలన్నర గడువు ఉంది. అమ్మాయి చిన్న కారు బొమ్మ బయటికి తీసింది అందుకే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ టక్ చప్పుడు గురించి అన్నం దగ్గర అంత గట్టిగా అరవడానికి కారణం ఒకటి ఉంది. మూడు నెలల కింద ఆ ముందు భాగాన్ని బాగుచేసింది నేనే.

చక్రాన్ని బండి అడుగుకు పట్టి ఉంచే ఇనుప ఆర్మ్‌లు ఉంటాయి. బండి ఎగిరినప్పుడల్లా అవి పైకీ కిందికీ ఊగుతాయి. ఊగే చోట లోపల రబ్బరు బుష్ ఉంటుంది. అవి పగుళ్లిచ్చాయి. నేను మా ఇంటి ముందు గల్లీలోనే బండిని జాకీల మీదికి ఎత్తి, చక్రాలు విప్పి, ఆర్మ్‌లు తీసి, కొత్త బుష్‌లు దింపించుకొచ్చి, మళ్లీ నా చేత్తోనే బిగించాను. రెండు రోజుల పని. ఎదురింటి వాళ్లు కుర్చీలు వేసుకొని మరీ చూశారు. ఒకరు చాయ్ పంపారు. రిటైరయ్యాక నాకు అంత మంచి రెండు రోజులు మళ్లీ రాలేదు. పానా చేతిలో పట్టుకుంటే బరువు తెలుస్తుంది, నట్టు ఎక్కడ ఆగిందో మోచేతికి తెలుస్తుంది. బిగించిన ప్రతి నట్టు మీదా డిపో అలవాటు కొద్దీ పసుపు రంగుతో ఒక గీత గీశాను. ఆ గీత ఉందంటే ఆ నట్టుకు ఒక మనిషి పూచీ ఉన్నాడని అర్థం.

మూడు వారాలు బండి నిశ్శబ్దంగా నడిచింది. తర్వాత టక్ మంది. నేను వినలేదు. అంటే విన్నాను గానీ, రోడ్డు బాగోలేదన్నాను. రోడ్డు నిజంగానే బాగోలేదు, అది నా అదృష్టం. తర్వాత రెండు నెలలూ తప్పంతా మున్సిపాలిటీ మీదే వేశాను.

ఆ రెండు నెలల్లోనే మా ఆవిడ బయటికి రావడం తగ్గించింది. "ఈ గురువారం ఒద్దులే, లేసు ఉన్నది" అంది ఒకసారి. "ఎండ మస్తున్నది" అంది ఇంకోసారి. ఒక ఆదివారం ఒంట్లో బాగాలేదని చర్చికి కూడా రానంది. వాళ్లమ్మకు ఓపిక తగ్గుతోందని అమ్మాయి కళ్లలో నీళ్లు పెట్టుకుంది. నాకూ అదే అనిపించింది, నాకు భయం వేసింది. పెద్ద ఫిట్టర్‌ని, ఈ చప్పుడునూ ఆ మానుకోవడాన్నీ పక్కపక్కన పెట్టి చూసే తెలివి లేకపోయింది.

కంచం కడిగిన మరుసటి రోజు నేను బండి తీసుకొని ఒక పెద్ద వర్క్‌షాప్‌కు వెళ్లాను. అక్కడ ఏసీ గది, మంచినీళ్లు, టై కట్టుకున్న అబ్బాయి. బండికి ఏదో వైరు తగిలించి, పేపరు తీసి చేతిలో పెట్టి, "ముందు భాగం టోటల్‌గా మార్చాలి సార్, దానికన్నా ఎక్స్‌చేంజ్ బెటర్" అన్నాడు. చక్రం మీద ఒక్కరు చేయి వేయలేదు. నేను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అద్దం తుడుచుకున్నాను. సైదాబాద్‌లోనే తెలిసిన మెకానిక్ ఒకడు ఇంకో అడుగు ముందుకేసి, "గిది ఇగ ఎక్కువ దినాలు ఆగది అన్నా, ఎవనికన్న అంటగట్టు" అన్నాడు. అంటగట్టడమా? ఎన్నాళ్లూ నిలవని బండిని ఇంకొకడి పిల్లల కింద పెట్టడమా? వాడితో ఆ తర్వాత మాట్లాడలేదు, ఇప్పటికీ మాట్లాడను.

అప్పుడు బార్కస్‌కు వెళ్లాను. అక్కడ ఒక ఉస్తాద్ ఉన్నాడు. నాకంటే నాలుగైదేళ్లు చిన్న, సన్నటి మనిషి, గళ్ల లుంగీ, గడ్డానికి గోరింటాకు. నేలలో తవ్విన గుంత ఒకటి, పైన రేకులు, అదే షెడ్డు. ఒక్కడే పనిచేస్తాడు, ఎవరినీ పెట్టుకోడు. బండి గుంత మీదికి ఎక్కించగానే కిందికి దిగాడు. ఇనుప కడ్డీ పెట్టి ఎడమ ఆర్మ్‌ను ఒకసారి ఎత్తాడు. కుడిది ఎత్తాడు. తర్వాత రెండింటినీ వేళ్లతో తడిమాడు. డాక్టరు పొట్ట నొక్కి చూస్తున్నప్పుడు ఎట్లా ఉంటుందో నాకు అట్లా ఉంది.

"భాయ్, గీ బుష్‌లు కొత్తవి" అన్నాడు కింది నుంచి.

"అవును."

"కొత్తవే, పూరా చిరిగినయి. ఎవలు బిగించిండ్రు?"

"ఎవడో రోడ్డు మీద మెకానిక్" అన్నాను. ముప్పై మూడేళ్లలో నేను పని దగ్గర అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

"వాడు గధా" అన్నాడు ఉస్తాద్, గాడిద అని. ఆ తర్వాత ఉర్దూలో ఇంకో రెండు మాటలు అన్నాడు, అవి ఇక్కడ రాయను. "చక్రాలు గాలిల ఏలాడంగ బిగించిండు వాడు. రబ్బర్ బుష్ గట్ల బిగిస్తరా ఎవలన్న?"

నాకు మండింది. "ఎట్ల బిగిస్తె ఏంది? నట్టు నట్టే గద!"

ఉస్తాద్ గుంతలోంచి తల పైకి పెట్టి నన్ను చూశాడు. నా చేతులు చూశాడు. మళ్లీ కిందికి వంగి, నట్టు మీద గ్రీజు వేలితో తుడిచి, "పసుపు గీత" అన్నాడు. "మా మామ డిపోల చేసిండు భాయ్. గీ గీత నాకు ఎర్కనే. రోడ్డు మీదోడు గీత గీస్తడా?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

అతను పైకి వచ్చి, చేతులు తుడుచుకొనే గుడ్డను రెండు చేతులతో పట్టుకొని ఒక్కసారి మెలిపెట్టాడు. "జూడు. బండి జాకీ మీదున్నప్పుడు చక్రం కిందికి ఏలాడ్తది. గప్పుడు నువ్వు నట్టు బిగిస్తె రబ్బర్ గా పొజిషన్లనే పట్టుకుంటది. బండి కిందికి దింపినవ్, ఆర్మ్ పైకి లేసె. రబ్బర్ గిట్ల మెలి పడె. నిలవడ్డ బండిల గూడ మెలి మీదనే ఉంటది. ఎన్నొద్దులు ఉంటది భాయ్? చిరుగుతది. నీ బస్సుల లోహం బుష్, లోపట గ్రీజు. పిన్ను తిరుగుతది. ఎట్ల బిగించినా నడుస్తది. గిది బస్సు గాదు."

గిది బస్సు కాదు. ఇంత చిన్న మాట నాకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నేను ఎవరినీ అడగలేదు. డిపోలో వేల బుష్‌లు బిగించాను, ఒక్కటీ నన్ను మోసం చేయలేదు. ఆ ధీమాతోనే పడుకొని, ఆ ధీమాతోనే బిగించి, ఆ ధీమాతోనే పసుపు గీత గీశాను. నాది తప్పు. ఇది రాయడానికి నాకేం సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది తప్పు చేసినందుకు కాదు, రెండు నెలలు మున్సిపాలిటీని తిట్టినందుకు.

"నేనే బిగించిన" అన్నాను.

"ఎర్కే" అన్నాడు ఉస్తాద్. "నీ చేతికి ఏం కాలే. ఎంత బిగించాల్నో అంతే బిగించినవ్. ఎప్పుడు బిగించాల్నో అదే తెల్వలే. ఇగ చెప్పు, ఏం జేద్దాం?"

ఇద్దరం చాయ్ తాగుతూ బండిని ముక్కలు ముక్కలుగా మాట్లాడుకున్నాం. కటకట చప్పుడు నా పాపం కాదు. ఎడమ ముందు యాక్సిల్ చివర రబ్బరు తొడుగు ఎప్పుడో చిరిగి, గ్రీజు కారిపోయి, ఇసుక చేరి, లోపల కీలు అరిగిపోయింది. దానికి గ్రీజు పెట్టి కొన్నాళ్లు నడపవచ్చు, తుక్కు బజారు నుంచి వాడిన యాక్సిల్ తెచ్చి వేయవచ్చు, లేదా కొత్తది వేయవచ్చు. ఫిట్‌నెస్ కోసమైతే వాడినదే చాలన్నాడు. నేను కొత్తదే అన్నాను. కుడి యాక్సిల్‌ను చేత్తో తిప్పి చూశాను, వదులు లేదు, చప్పుడు లేదు. "దీన్ని ముట్టుకోకు, తొడుగు మార్చి గ్రీజు పెట్టు" అన్నాను. రెండూ కలిపి మార్చడమే వాడుక కదా అన్నాడు, నన్ను పరీక్షించడానికే అనుకుంటా. మంచిగా ఉన్నదాన్ని జంట పోయిందని తీసి పారేసే వాడుక నాకు లేదన్నాను. నవ్వాడు. ఆర్మ్‌ల బుష్‌లు అన్నీ కొత్తవి, కింది కీళ్లు రెండూ కొత్తవి. షాకబ్జర్లు ఆయిలు కారుతున్నాయి కాబట్టి అవి మాత్రం జంటగా మారాలని ఇద్దరం ఒకేసారి అన్నాం.

"ఒక్క షరతు" అన్నాను. "ఆర్మ్ నట్లు నేనే బిగిస్త."

"నాది గూడ ఒక్కటున్నది" అన్నాడు. "ఆఖర్ల బండి చక్రాల మీద నిలవెట్టి, దాంట్ల రోజు ఎవలు కూసుంటరో వాళ్లను కూసోవెట్టి, గప్పుడే బిగించాలె. ఇసుక బస్తాలు నేను పెట్ట. బస్తా బస్తే, మనిషి మనిషే. పక్క సీట్ల ఎవలు కూసుంటరు?"

చెప్పాను.

"మరి భాభీని తోల్కరా" అన్నాడు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర నేను నిలబడే చెప్పాను, మొదటి ముద్ద పెట్టకముందే. "బండి ముంగట చెడగొట్టింది నేనే. నేనే మంచిగ జేస్త."

అమ్మాయి నోరు తెరిచింది. "అంటే రెండు నెలల సంది గా దెబ్బలన్నీ..." అని వాళ్లమ్మ వైపు తిరిగి ఆగిపోయింది. అప్పుడు పడింది నా బుర్రకు. ఎండ ఎక్కువ, లేసు ఉంది, ఒంట్లో బాగాలేదు. గుంత గుంతకూ ఆ టక్ ఆమె నడుముకు కొట్టింది. నేను బిగించిన నట్టు కాబట్టి, నా మొహం చూసి, నొప్పి అని ఒక్క మాట అనలేదు. పళ్లు బిగబట్టి కూర్చుంది, అదీ పనికిరానప్పుడు రావడమే మానేసింది. మా ఆవిడ మాత్రం ఊరగాయ ఇటు జరపమంది.

"నువ్వే చెడగొట్టినవంటే ఇంకేముంది బాపూ, అమ్మెయ్" అంది అమ్మాయి.

"నేను చెడగొడితే బండెందుకు అమ్మాలె? నన్ను అమ్ము!"

"అమ్మను ఆటోల బార్కస్ దాకా తీస్కపోతవా? ఆ రోడ్ల మీద?"

జవాబు కుర్చీలోంచి వచ్చింది. "నేను పోత" అంది మా ఆవిడ. "దిండు ఒకటి తీస్కపోత. నువ్వు ఆఫీసుకు పో."

పది రోజులకు సామాను వచ్చింది, పని అయింది. ఆటోలో ఆమెను ఎట్లా తీసుకెళ్లానో చెప్పను. డ్రైవరు మంచివాడు, నడక కంటే నెమ్మదిగా నడిపాడు. ఆమె నా భుజం పట్టుకున్న చోట వేళ్ల గుర్తులు పడ్డాయి. షెడ్డు ముందు దిగి, మొహం తుడుచుకొని, "ఏదీ?" అంది. బండి గుంత మీద నాలుగు చక్రాలపై నిలబడి ఉంది. వెనక్కి తిరిగింది, సీటు మీద ఆనింది, కాళ్లు లోపలికి తిప్పుకుంది. తలుపు తనే వేసుకుంది.

డ్రైవరు సీట్లో కూర్చోవాల్సింది నేను, కానీ నేను గుంతలో ఉండాలి. నా బరువుకు ఉస్తాద్ సరిపోడు. అందుకని పాత బ్యాటరీ ఒకటి ఒడిలో పెట్టుకొని నా సీట్లో కూర్చున్నాడు. మా ఆవిడ పక్కకు చూసి, "బిడ్డను ఎత్తుకున్నట్టే ఉన్నవ్ భాయ్" అంది. ఉస్తాద్ కదలొద్దన్నాడు. అందరం కదలడం మానేశాం.

గుంతలో నిలబడి పైకి చూశాను. నాలుగు నట్లు, చేత్తో తిప్పి వదిలేసి ఉన్నాయి. పానా పెట్టాను. సరిగ్గా ఆమె సీటు కింద ఉన్నాను నేను. అక్కడ మొహం కనపడదు కాబట్టి ధైర్యం వచ్చింది.

"ఓయ్" అన్నాను. "రెండు నెలలు నొప్పి ఓర్చుకున్నవ్. నాకు చెప్పొచ్చు గద."

పానాను నట్టు మీద సరిచేసుకున్నాను.

"నా ఇజ్జత్ పోతదని చెప్పలే నువ్వు. నాకు ఎర్కైంది."

పైన సీటు కిర్రుమంది. "నీ ఇజ్జత్‌ను నేనేం జేస్కుంట?" అంది. "నొప్పైతున్నదని చెప్తే బండి అమ్ముతరు మీరిద్దరు గల్సి. అందుకు చెప్పలే. నువ్వు బిగించు ముందు."

ఉస్తాద్ బ్యాటరీ పట్టుకొని పక్కుమన్నాడు. బండి ఊగింది. "కదలకు!" అని నేను కింది నుంచి అరిచాను, ఎందుకంటే అరవడం తప్ప ఇంకేం చేయాలో తెలియలేదు. నా పరువు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుందని పది రోజులుగా కరిగిపోతున్నాను. ఆమె నా పరువు సంగతే అనుకోలేదు. ఆమె తన గురువారాన్ని కాపాడుకుంది. నోరు మూసుకొని కొన్ని గురువారాలు వదులుకుంది, మిగిలినవన్నీ దక్కించుకోవడానికి. ఇంట్లో నేనొక్కణ్నే కొట్లాడుతున్నానని ఇన్నాళ్లూ ఛాతీ విరుచుకొని తిరిగాను. నాకంటే ముందు నుంచీ, నాకంటే గట్టిగా ఆమె కొట్లాడుతోంది. నాకు సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ నీళ్లు గ్రీజు చేత్తో తుడుచుకొని మొహమంతా పాడు చేసుకున్నాను.

నాలుగు నట్లూ బిగించాను. ఒక్కోటీ మోచేతికి ఆగిన చోట ఆపి, ఉస్తాద్ చెప్పిన పావు తిప్పు ఇచ్చాను. జేబులోంచి పసుపు రంగు తీసి నాలుగు గీతలు గీశాను. పాత గీతలున్న నట్లు ఒక పొట్లంలో కట్టి నా దగ్గరే ఉంచుకున్నాను. అవి అల్మారాలో ఉన్నాయి.

ఫిట్‌నెస్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తర్వాతి వారం ఆఫీసులో వాళ్లు ముందు చక్రాలు పట్టి ఊపారు. చక్రం కదల్లేదు, ఊపినవాడు కదిలాడు. కాగితం వచ్చింది. కానీ నాకు పాసైన రోజు అది కాదు.

గుంతలోంచి పైకి వచ్చి, ఉస్తాద్‌ను లేపి, నా సీట్లో నేను కూర్చున్నాను. బార్కస్ నుంచి రోడ్డెక్కాక ఎదురుగా ఒక స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఎవరో సొంతంగా పోయించుకున్నట్టుంది, అంత ఎత్తు. అలవాటు కొద్దీ కాలు బ్రేకు మీదికి వెళ్లింది.

"ఆపకు" అంది మా ఆవిడ.

"నడుముకు..."

"నడుము నాది. పోనీ."

పోనిచ్చాను. ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి. నేను చెవులన్నీ పెట్టి విన్నాను. టక్ లేదు. ఆమె వైపు చూశాను. వీపు వెనక దిండు తీసి వెనక సీట్లోకి విసిరింది.

అప్పుడే ఫోన్ మోగింది. అమ్మాయి. వాళ్లమ్మే ఎత్తింది. అవతలి నుంచి ఏమేం ప్రశ్నలు వచ్చాయో నాకు వినపడలేదు. ఈమె అన్నీ విన్నది, ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. ఇన్ని రోజులుగా ఈ బండి గురించి నాకూ అమ్మాయికీ మధ్య ఎంత లొల్లి జరిగినా, అమ్మాలనో వద్దనో ఆమె ఒక్క మాట అనలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"బిడ్డా" అంది చివరికి, "ఈ బండి అమ్మేది లేదు. ఇగ ఫోన్ పెట్టు, ఇయ్యాల గురువారం. సేటు ఎదురుచూస్తుంటడు."